ములుగు బాటలో మరిగిన నీరు

హనుమకొండ నుండి ఈశాన్యముగా బయలుదేరి, ఆరెపల్లి, గూడెప్పాడు, మల్లంపల్లి దాటి ములుగు చేరి, అక్కడినుండి గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి అడవుల నడుమగా సాగి, ఏటూరునాగారము ఆవల గోదావరిని దాటు 163వ నంబరు జాతీయ రహదారి, వర్షాకాలపు చివరి దినములలో తెలంగాణమున చూడదగిన మార్గములలో మొదటి వరుసకు చెందినదని చెప్పుటకు సందేహింప నక్కరలేదు. కాకతీయుల కాలమునాటి చెరువులు నిండి మత్తడి దూకుచుండును. వరిపైరు పొట్టకు వచ్చుచుండును. పస్రా దాటినది మొదలు టేకుచెట్లు ఇరుగడల నిలిచి బాటను చల్లగా నుంచును. క్రొత్త కారులో అద్దములు బిగించుకొని, ఏసీ వేసికొని పోవువారు ఈ దూరమును రెండు మూడు గంటలలో ముగించి, బొగత జలపాతము వద్ద ఫోటోలు దిగి, చీకటి పడకముందే ఇల్లు చేరుదురు. నలువదేండ్లు పైబడిన అంబాసిడరులో పోవువారికి అట్టి సౌకర్యము లేదు. కారు ఆగినచోట దిగవలెను; దిగిన పిదప చెరువునైనను చూడవలెను, ఇంజనునైనను చూడవలెను. ఇంజనును చూచుటలోని వినోదము చెరువును చూచుటలోని దానికి తీసిపోదని, భాద్రపద మాసమున మిత్రుని పాత బండిలో ఈ బాటను పోయివచ్చిన పిదప నాకు తోచినది.

పాత కారు దారిలో ఆగుటకు కారణములు నూరు చెప్పవచ్చును. బెల్టు తెగును, నీరు మరుగును, పెట్రోలు అందదు, దీపములు మసకబారును. మెకానిక్కు వచ్చి ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టి బాగుచేసి పోవును. కాని కొంత నిదానించి చూచినచో వీనిలో అధికభాగము ఒక్క మూలమునకే పోయి చేరుచుండుట కనబడును: ఇంజను తాను వాడుకొనలేని వేడిని బయట పారవేయజాలకపోవుట. కారనునది మనుష్యులను మోసికొనిపోవు యంత్రమని మనము తలంతుము గాని, లెక్క కట్టినచో అది ప్రధానముగా వేడిని పారవేయు యంత్రము. మనుష్యులను మోయుట అందులో నాల్గవ వంతు పని.

ఆ లెక్క యెట్టిదనగా: అంబాసిడరు, కలకత్తా సమీపమున ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనా ననుసరించి 1950ల చివర నిర్మింప మొదలిడి, 2014 మే నెలలో నిలిపివేసిన బండి. చాలకాలము దానికి అమర్చిన పెట్రోలు ఇంజను 1,489 ఘనసెంటీమీటర్లది. గంటకు అరువది కిలోమీటర్ల వేగమున, లీటరుకు పది కిలోమీటర్ల చొప్పున అది నడచినదనుకొన్నచో, గంటకు ఆరు లీటర్ల పెట్రోలు కాలును. లీటరు పెట్రోలులో సుమారు 33 మెగాజౌళ్ళ శక్తి గలదు గనుక ఆ గంటలో పుట్టు వేడిమి దాదాపు 200 మెగాజౌళ్ళు, అనగా ఎడతెగక 55 కిలోవాట్లు. అందులో చక్రములను త్రిప్పుటకు వినియోగపడునది నాల్గవ వంతు. మూడవ వంతునకు పైగా సైలెన్సరు గొట్టము గుండా పొగతోబాటు పోవును. తక్కినదానిలో అధికభాగము, ఇంచుమించు 18 కిలోవాట్లు, సిలిండర్ల గోడలలోనికి ప్రాకి వానిచుట్టు తిరుగు నీటిలో చేరును. స్నానమునకు నీళ్ళు కాచుకొనుటకై బకెట్టులో వేయు కిలోవాటు హీటరు కడ్డీలను పదునెనిమిదింటిని తెచ్చి ఒక్క బిందెలో ముంచినట్లు. ఆ నీరు తాను గ్రహించిన వేడిని రేడియేటరు గుండా గాలికి అప్పగింపక పోయినచో రెండు మూడు నిమిషములలో మరుగుట కారంభించును; మరిగిన పిదప నిమిషమునకు అర లీటరు చొప్పున ఆవిరియై తరిగిపోవును.

రేడియేటరు ఎంత వేడిని గాలికి ఈయగలదనునది, నీటి ఉష్ణోగ్రతకును గాలి ఉష్ణోగ్రతకును గల వ్యత్యాసమునుబట్టి యుండునని న్యూటను నాటినుండి తెలిసిన విషయమే. నీరు 90 డిగ్రీల వద్ద, గాలి 30 డిగ్రీల వద్ద ఉన్నపుడు వ్యత్యాసము 60. వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నమున హనుమకొండలో గాలి 45 డిగ్రీలకు చేరినపుడు ఆ వ్యత్యాసము 45కు దిగును. రేడియేటరు మారలేదు, ఇంజను మారలేదు, అయినను పారవేయు శక్తిలో నాల్గవ వంతు పోయినది. ఇంగ్లండు చలిగాలికి తగిన కొలతలతో పుట్టిన ఇంజనుకు మన ఎండాకాలము ఏపాటి పరీక్షయో ఈ ఒక్క తీసివేతలోనే తెలియును. మన మెకానిక్కులు ఎందరో ఇంజనులోని థర్మోస్టాటును ఊడబెరికి అవతల పారవేయుట కిదియే కారణము. నీరు 80 డిగ్రీలు దాటువరకు దానిని రేడియేటరులోనికి పోనీయక నిలుపు ఆ మైనపు కవాటము చలిదేశములలో ఉపకారి. ఇక్కడ చెడి మూసికొనిపోయినచో అపకారి. శాస్త్రము ప్రకారము దానిని తీసివేయరాదు, ఇంజను చల్లగా నడచిన లోపలి అరుగుదల హెచ్చును. కాని నడిరోడ్డున నిలిచిపోయినవాడు అరుగుదలను గూర్చి ఆలోచింపడు.

ఈ వేడి కథకు సంబంధింపని మరియొక చిక్కు దారిలో ముందుగానే ఎదురగును గనుక దానిని తొలుతనే చెప్పివేసెదను. ఆత్మకూరు మండలములో కటాక్షపురము చెరువు, పెద్దవానలు కురిసినపుడు మత్తడి దూకి రహదారిమీదుగా ప్రవహించును. ఒక్కొక్కప్పుడు రాకపోకలను నిలిపివేయుదురు గూడ. మేము పోయిన దినమున నీరు చక్రములో నాల్గవ వంతు మునుగునంత మాత్రమే యుండినది. ఎదురుగా వచ్చిన లారీ నీటిని చిమ్మినది, మా కారు ఫ్యాను ఆ నీటిని ఇంజనుపై చల్లినది, కారు రెండుమార్లు దగ్గి నిలిచిపోయినది. మిత్రుడు బానెటు ఎత్తి, డెల్కో మూత ఊడదీసి, కండువా కొసతో లోపలి భాగమును పొడిగా తుడిచి మరల బిగించెను, కారు బయలుదేరినది. ఇంత చిన్న పనిలోని రహస్యమేమి? బ్యాటరీ యిచ్చునది పన్నెండు వోల్టులే. డెల్కోలోని లోహపు పాయింట్లు మూసికొని యున్నపుడు ఆ విద్యుత్తు కాయిలులో ప్రవహించి అయస్కాంత క్షేత్రమును నిర్మించును. పాయింట్లు హఠాత్తుగా విడివడినపుడు ఆ క్షేత్రము కూలి, సన్నని తీగల చుట్టలో పదివేల వోల్టులకు పైబడిన విద్యుత్తును పుట్టించును. డెల్కో దానిని ఏ సిలిండరు వంతు వచ్చిన ఆ సిలిండరుకు పంచును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు ఈ పంపకము నిమిషమునకు 6,000 మార్లు జరుగును. పన్నెండు వోల్టులకు తడి యొక లెక్కలోనిది కాదు గాని, వేల వోల్టులకు మురికినీటి పొర రాజమార్గము. ప్లగ్గు మొనవద్ద నిప్పురవ్వగా దూకవలసిన విద్యుత్తు ఆ పొరమీదుగా ఇంజను ఇనుములోనికి జారిపోవును. పాయింట్ల మధ్య నుండవలసిన ఎడము 0.4 మిల్లీమీటరు, అవి నల్లబడినపుడు అగ్గిపెట్టె ప్రక్కనున్న గరుకు అట్టముక్కతో రుద్దుట మన డ్రైవర్లందరెరిగిన విద్య.

ములుగునకు చేరుటకు ముందు రోడ్డు ప్రక్కన గట్టమ్మ తల్లి గుడి కలదు. మేడారము సమ్మక్క సారలమ్మ జాతరకు పోవువారు మొదటి మొక్కు ఇక్కడ చెల్లించి గాని ముందుకు సాగరు. బండ్లు నిలిపి, కొబ్బరికాయలు కొట్టి, చక్రములకు పసుపు కుంకుమలు పెట్టి కదలుదురు. మా కారు భక్తికై కాదు, ఆవిరికై ఆగినది. గుడివద్ద ఎత్తున గేరు దించి మెల్లగా ఎక్కునపుడు పెట్రోలు ఖర్చు హెచ్చును, ముందునుండి రేడియేటరునకు తగులు గాలి తగ్గును. ఉష్ణోగ్రత ముల్లు ఎఱ్ఱగీటు దాటి నిలిచినది, బానెటు అంచులనుండి తెల్లని ఆవిరి లేచినది. మిత్రుడు దిగి రేడియేటరు మూతమీద గుడ్డ వేయబోవుచుండగా, మోపెడుపై పనిముట్ల సంచి పెట్టుకొని పోవుచున్న మెకానిక్కు పిల్లవాడొకడు దూరమునుండియే కేక వేసెను: "మూత ఇప్పకుర్రి సారూ! జర ఆగుర్రి, మొఖం మీదికి ఎగుర్తది!"

ఎగురుననుమాట ఎంత నిజమో అంకెలలో చూడవచ్చును. ఆనాటి కార్ల రేడియేటరు మూతలో ఒక స్ప్రింగు ఉండి, లోపలి పీడనమును బయటి గాలికంటె చదరపు అంగుళమునకు ఏడు పౌనులవరకు పెరుగనిచ్చును. పీడనము హెచ్చినకొలది నీటి మరుగుస్థానము హెచ్చును. ఏడు పౌనుల అదనపు పీడనమున నీరు నూటికి బదులు 111 డిగ్రీల వద్ద మరుగును. ఇది ఇంజనుకు మేలు, వేడి నీటికిని గాలికిని వ్యత్యాసము పెరిగి రేడియేటరు చురుకుగా పనిచేయును. కాని 110 డిగ్రీల నీటిపైనుండి పీడనమును ఒక్కసారి తీసివేసినచో అది ఇక నీరుగా నిలువజాలదు. అధికమైన ఆ పదిపదకొండు డిగ్రీల వేడి, నీటిలో రెండు శాతమును తత్‌క్షణమే ఆవిరిగా మార్చును. రెండు శాతమనగా స్వల్పమే యనిపించును; కాని నీరు ఆవిరియైనపుడు 1,600 రెట్లకు పైగా వ్యాపించును గనుక, ఏడు లీటర్ల నీటినుండి క్షణములో వెలువడునది రెండువందల లీటర్లకు మించిన ఆవిరి. ఆ ఆవిరి తనతో తక్కిన మరుగునీటినిగూడ మోసికొని, మూత తెరచినవాని చేతిమీదికిని ముఖముమీదికిని లేచును.

పిల్లవాడు చెప్పిన రెండవమాట మిత్రునికి వింతగా తోచినది. "ఇంజను బందు చెయ్యకుర్రి. జర రేసు మీద ఉండనియ్యుర్రి." మరుగుచున్న ఇంజనును ఆపుట సహజముగా తోచు పని. కాని ఇంజను ఆగినచో నీటిని త్రిప్పు పంపును, గాలిని లాగు ఫ్యానును ఆగును; పోతపోసిన ఇనుపదిమ్మెలో నిలువయున్న వేడి మాత్రము ఆగదు, కదలని నీటిలోనికి ప్రవేశించి దానిని ఇంకను మరిగించును. లోపల నీరు మిగిలియున్నంతవరకు కొంత వేగముగా త్రిప్పుచు నుంచుటయే సరి. నీరు పూర్తిగా పోయినచో మాత్రము వెంటనే ఆపవలసినదే. ముల్లు దిగిన పిదప ఆ పిల్లవాడు గుడ్డను నాలుగు మడతలు చేసి, మూతను పావుచుట్టు మాత్రము త్రిప్పి, బుసలు తగ్గువరకు ముఖము ప్రక్కకు త్రిప్పుకొని నిలిచి, తరువాత తీసెను. నీటిని ఒక్కసారి కుమ్మరింపక, ఇంజను నడచుచుండగానే సన్నని ధారగా పోసెను. బాగుగా కాగిన పోత ఇనుముపై చల్లని నీరు పడినచో ఒక ప్రక్క కుంచించుకొని మరియొక ప్రక్క కుంచించుకొనక లోహములో బిగువు పుట్టి సిలిండరు హెడ్డు బీటలువారును. పోత ఇనుము వంగుట యెరుగదు, పగులుటయే యెరుగును.

"రేడియేటర్ల సున్నం పట్టింది సారూ. బోరు నీళ్ళు పోస్తే గిట్లనే అయితది," అని అతడు నిదానముగా తేల్చెను. ఈ ప్రాంతపు బోరుబావుల నీటిలో చాలచోట్ల కాల్షియము, మెగ్నీషియము లవణములు అధికము. అట్టి నీరు కాగినపుడు కరగియున్న బైకార్బొనేటు విడిపోయి, కరగని సున్నపుపొరగా గొట్టముల లోపలి గోడలకు అంటుకొనును. రాగి వేడిని ప్రసరింపజేయు శక్తితో పోల్చినచో ఈ పొరకు గల శక్తి నూరవ వంతుకైనను చాలదు. కాగితమంత మందము పేరుకొన్నను, ఆచోట రేడియేటరు గొట్టము దాదాపు అంగుళము మందపు రాగితో చేసినట్లే యగును. రేడియేటరు పనివారు పై తొట్టిని ఊడదీసి, సన్నని ఇనుపపట్టీలను గొట్టములలో దూర్చి ఈ సున్నమును గీకివేసి, తిరిగి టంకముతో అతుకుదురు. సీసమును తగరమును కలిపిన ఆ టంకము 183 డిగ్రీల వద్దనే కరగ మొదలిడును గనుక గ్యాసుదీపము చాలును. అల్యూమినియము గొట్టములకు ప్లాస్టిక్కు తొట్లు బిగించిన నేటి రేడియేటర్లకు ఈ చికిత్స లేదు. పాడైనదానిని తీసి క్రొత్తదానిని వేయుటయే.

సున్నముతోబాటు మా రేడియేటరునకు క్రిందిభాగమున సూదిమొనంత చిల్లియు నుండెను. అంత చిన్న చిల్లిని మూయుటకు కావలసినది గట్టమ్మ గుడిముందరి దుకాణములలోనే దొరికినది. పిల్లవాడు పసుపు పొట్లము తెప్పించి, దోసెడు నీటిలో కలిపి పోసి, ఇంజనును కొంతసేపు నడిపించెను. కారుట బొట్లుబొట్లుగా తగ్గి నిలిచిపోయినది. ఇందు మహిమ యేమియు లేదు. పసుపుపొడిలోని పిండి, పీచు నీటిలో నాని ఉబ్బును; లోపలి పీడనము నీటిని చిల్లివైపు తోయును గనుక ఆ రేణువులు తామే వెదకికొని అచ్చటికే చేరును; చిల్లి వెలుపల నీరు వేడికి ఆవిరియై పోగా ముద్ద మిగిలి బిరడాయగును. కొందరు కోడిగ్రుడ్డు తెల్లసొనను పోయుదురు. అది 60 డిగ్రీలు దాటగానే గడ్డకట్టి అదే పని చేయును. అయితే బిరడాకు చిల్లి యేదో, నీరు పోవు సన్నని గొట్టమేదో భేదము తెలియదు. పసుపుతో ఊరు చేరిన బండిని మరునాడే రేడియేటరు దుకాణమునకు తీసికొనిపోవలెను. లేనిచో సున్నమునకు పసుపు తోడై, మరల అదే ఎత్తున అదే ఆవిరి లేచును.

ఈ దారిప్రక్క చికిత్సలకు కారంత వయస్సున్నది. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున కార్ల్ బెంజు భార్య బెర్తా బెంజు, భర్తకు చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఆయన నిర్మించిన మూడుచక్రముల బండిలో మాన్‌హైము నుండి ఫోర్‌ట్‌స్‌హైమునకు పోయినది. నూరు కిలోమీటర్లకు కొంచెము పైగా, అనగా దాదాపు హనుమకొండ నుండి ఏటూరునాగారమునకు గల దూరము. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో పొడిచి తెరచెను; తీగమీద రక్షణపొర చెడగా మేజోడు పట్టీతో కప్పెను; బ్రేకు దిమ్మెలు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెను; ఇంధనమును వీస్లోహు గ్రామమున మందుల దుకాణములో కొనెను. కాని ఆమెను దారిపొడుగున విసిగించినది నీరు. ఆ బండికి నేటివంటి రేడియేటరు లేదు. సిలిండరు చుట్టునున్న నీరు మరిగి ఆవిరియై పోవుటయే చల్లబరచు విధానము. ఆ విధానము తెలివితక్కువది కాదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కెలోరీ చాలును. అదే గ్రామును మరుగుస్థానమున ఆవిరిగా మార్చుటకు 540 కెలోరీలు కావలెను. వేడిని ఇంతగా మ్రింగు పదార్థము అంత చవుకగా మరియొకటి లేదు. చిక్కెల్ల ఒక్కటే, వేడిని మ్రింగిన నీరు తిరిగిరాదు. అందుచే ఆ తల్లియు పిల్లలును కనబడిన బావివద్దనెల్ల, వాగువద్దనెల్ల ఆగుచు పోవలసివచ్చినది. 1901 నాటి మెర్సిడెస్ బండికి విల్‌హెల్ము మైబాకు అమర్చిన రేడియేటరు ఈ దాహమును తీర్చినది: 8,000కు పైగా సన్నని గొట్టములను ప్రక్కప్రక్కన పేర్చి గాలికి తగులు వైశాల్యమును విపరీతముగా పెంచుటచే, కొలది నీరే మరల మరల తిరిగి పనిచేయుట సాధ్యమైనది.

ములుగు దాటి జంగాలపల్లి వద్ద ఎడమకు మరలినచో పాలంపేట. 1213లో, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి అక్కడ కలదు; 2021 జూలైలో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. ఇసుకతో నింపిన పునాదిని గూర్చియు, శిఖరము బరువు తగ్గించుటకు వాడిన, నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలను గూర్చియు వేరొక వ్యాసమే వ్రాయవలసియుండును. నల్లరాతి మదనికల నునుపును గూర్చి వ్రాయుటకంటె చూచుట మేలు. మాకు పాఠము చెప్పినది గుడి బయట ఎండలో నిలిపిన కారు. అరగంట చూచి వచ్చునప్పటికి కారు కదలనన్నది. సెల్ఫు తిరుగుచున్నది, నిప్పురవ్వ వచ్చుచున్నది, ట్యాంకులో పెట్రోలున్నది. ఇంజను మాత్రము అందుకొనదు.

"ఎయిర్‌లాకు అయింది పెద్దసారూ, తడిగుడ్డ ఎయ్యుర్రి," అని ప్రక్కన జీపు నిలుపుకొనియున్న డ్రైవరు కూర్చున్నచోటినుండి లేవకయే చెప్పెను. రోగమును చూడక వినియే చెప్పు వైద్యులు ఇంకను ఉన్నారని మిత్రుడు నవ్వెను. జరిగినదేమనగా, పెట్రోలు నీటివలె ఒక్క ఉష్ణోగ్రతవద్ద మరుగు పదార్థము కాదు; అది అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము, తేలికవి 35 డిగ్రీల ప్రాంతముననే మరుగ మొదలిడును, బరువైనవి 200 వరకు పోవును. కారు నడచుచున్నంతసేపు గాలియు, చల్లని పెట్రోలు ప్రవాహమును పంపును చల్లగా నుంచును. కారు ఆగగానే ఈ రెండును నిలిచి, ఇంజను వేడి మెల్లగా ప్రక్కనున్న పంపులోనికిని, సన్నని గొట్టములోనికిని, కార్బ్యురేటరులోనికిని ప్రాకును. నడచునప్పటికంటె ఆగిన పావుగంటకే అవి ఎక్కువ కాగును. లోపలి పెట్రోలు ఆవిరి బుడగలగును. పంపులోని రబ్బరుపొర ఆ బుడగలను నొక్కి వదలుచు ఉండును గాని ద్రవమును ముందుకు త్రోయజాలదు. నీటిలో తడిపిన గుడ్డను పంపుపై చుట్టగా, గుడ్డలోని నీరు ఆవిరియగుచు బెర్తా బెంజుకు తోడ్పడిన ఆ 540 కెలోరీల చొప్పుననే లోహపు వేడిని లాగివేసినది. బుడగలు మరల ద్రవమైనవి. కారు రెండవ ప్రయత్నమున బయలుదేరినది.

ఇటీవల పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలిపి అమ్ముచున్నారు. ఇథనాలు 78 డిగ్రీల వద్ద మరుగును. లీటరుకు లభించు శక్తి పెట్రోలుకంటె మూడవ వంతు తక్కువ. దానికై రూపొందింపని పాత రబ్బరు పొరలను, గొట్టములను ఉబ్బించి పెళుసుబార్చును. ఈ కాలపు కార్లకు ఎయిర్‌లాకు బాధలేదు. వాని పంపు ట్యాంకులోని పెట్రోలులోనే మునిగియుండి, వాతావరణ పీడనమునకు ఇంచుమించు మూడు రెట్ల అదనపు పీడనముతో ఇంధనమును ఇంజనువైపు త్రోయును గనుక బుడగలకు తావుండదు. పాత బండిని ఉంచుకొన దలచినవారు పంపులోని రబ్బరుపొరను, గొట్టములను ఇథనాలునకు ఓర్చువానితో మార్పించుకొనుట మేలు. ఖర్చు స్వల్పము, మార్పింపకున్నచో కారిన పెట్రోలు ఇంజనుపైననే పడును, దాని ఫలితము చెప్పనక్కరలేదు.

లక్నవరము చెరువును తొందరగనే చూచితిమి. కొండల నడుమ సన్నని ఎడమును కట్టతో మూసి, అంత సరస్సును నిలిపిన కాకతీయుల కంటికి నమస్కరించి, వ్రేలాడు వంతెన ఒకమారు దాటి వచ్చితిమి. పస్రా విడిచిన పిదప అడవి చిక్కబడినది, సెల్‌ఫోను సంకేతము సన్నబడినది. సరిగా అచ్చటనే, డాష్‌బోర్డుపై చార్జింగు ఎఱ్ఱదీపము వెలిగినది. తెలియనివాడు బ్యాటరీ చిక్కని తలచి ముందుకు పోవును. తెలిసినవాడు వెంటనే ఆపును. ఎందుకనగా ఒక్క ఫ్యాను బెల్టే డైనమోను, నీటిపంపును, ఫ్యానును త్రిప్పుచున్నది. అది తెగినపుడు మొదట కబురు చెప్పునది డైనమో దీపము, ఉష్ణోగ్రత ముల్లు ఆ తరువాత. బెల్టు తెగి క్రింద పడియుండెను. మారుబెల్టు డిక్కీలో లేదు.

తెగిన బెల్టు చోట చీర చింపి కట్టిరనియు, తాడు కట్టిరనియు ప్రతి ఊరిలోను కథలు వినబడును. వీనిలో నిజమెంతయో ఒక చిన్న లెక్క తేల్చును. కప్పీచుట్టు చుట్టిన తాడు జారక ఎంత బలమును అందింపగలదో పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలరు గణించెను: చుట్టిన కోణము, ఘర్షణ హెచ్చినకొలది ఆ బలము కూడికగా కాక గుణకారముగా పెరుగును. ఘర్షణ గుణకము 0.3 అనుకొని, అరచుట్టు చుట్టిన చదునైన పట్టీకి ఒక ప్రక్క బిగువు రెండవ ప్రక్కకు రెండున్నర రెట్లవరకు ఉండవచ్చును. కప్పీకి V అక్షరమువలె ఏటవాలుగా దిగు గాడి యుండి, బెల్టు దానిలో ఇరుకుకొని కూర్చున్నపుడు, గాడి గోడలు రెండును దానిని నొక్కును; ఘర్షణ మూడు రెట్లైనట్లగును, బలముల నిష్పత్తి పదునేడు రెట్ల వరకు లేచును. చదునుగా మడచిన చీరచెంగు గాడి అడుగున పడి జారును. గుండ్రని తాడు గాడి గోడల నడుమ ఇరుకుకొనును. కథలలో చీర ఎంత అందముగా నున్నను, దారిలో తాడే మేలు.

ఆగిన లారీ డ్రైవరు తన తార్పాలిను తాళ్ళలో నుండి నూలుతాడొకటి కోసి యిచ్చి, "తడిపి కట్టుర్రి సారూ, గట్టిగయితది," అనెను. నైలానుతాడు నునుపుచే జారి, వేడికి మెత్తబడును; నూలుతాడు నీరు పీల్చి, నూలు ఉబ్బి, లావెక్కినకొలది పొడవు తగ్గి బిగిసికొనును. ముడిని చిన్నదిగా వేసి కొసలు కత్తిరించి, డైనమో కప్పీని విడిచి, ఫ్యానునకును పంపునకును మాత్రము కట్టితిమి, భారము తగ్గుటకు. నిదానముగా ఏటూరునాగారము చేరునప్పటికి తాడు నల్లబడి పోగులు లేచినది గాని తెగలేదు. అక్కడ బెల్టు దొరికినది. గోదావరిపై ముల్లకట్ట వంతెన దాటి, వాజేడు మండలములో చీకుపల్లి వాగు బండలమీదినుండి దూకు బొగతను సాయంకాలపు వెలుగులో చూచితిమి. నీరు నిండుగా నుండెను, జనము అంతకంటె నిండుగా నుండిరి.

తిరుగు ప్రయాణము రాత్రి. గాలి 24 డిగ్రీలకు దిగినందున రేడియేటరునకు ఊపిరాడినది, ముల్లు మధ్యకైనను రాలేదు. అయినను పాత బండికి రాత్రి వేరొక లెక్క యుండును. దీపములు, కాయిలు, వెనుక ఎఱ్ఱదీపములు కలిసి పదిపన్నెండు ఆంపియర్లు అడుగును. డైనమో వేగముగా తిరుగునపుడు ఇరువది వరకు ఈయగలదు గాని ఇంజను మెల్లగా తిరుగునపుడు ఏమియు ఈయదు. దాని తిరుగు భాగములోనే బలమైన విద్యుత్తు పుట్టి, కార్బను బ్రష్షుల గుండా బయటికి రావలెను. వేగము మితిమీరినచో ఆ తీగచుట్టలు విడివడును, బ్రష్షులు కాలును గనుక దానిని అధికవేగమునకు గేరు చేయుట కుదరదు. ఆల్టర్నేటరులో బలమైన విద్యుత్తు పుట్టునది కదలని భాగమున. తిరుగు భాగమునకు స్వల్పమైన విద్యుత్తే పోవును. సిలికాను డయోడులు చవుకయై 1960ల నుండి అది కార్లలోనికి వచ్చిన పిదప, చిన్న కప్పీతో ఇంజనుకంటె రెండు మూడు రెట్ల వేగమున త్రిప్పుట సాధ్యమై, ఆగియున్న కారు కూడ బ్యాటరీని నింపగలిగినది. పాత అంబాసిడర్లకు దీనిని అమర్చుకొన్నవారెందరో కలరు; మా మిత్రుడు అమర్చుకొనలేదు. అడవిలో జంతువులు అడ్డము వచ్చునని వేగము తగ్గింపవలెను, వేగము తగ్గినచో దీపములు మసకబారును. కాబట్టి బెల్టు వేసిన ఏటూరునాగారపు మెకానిక్కు, "మూడో గేరుల్నే పోనియ్యుర్రి, రేసు తగ్గియ్యకుర్రి," అని ముందే హెచ్చరించెను. పెట్రోలు కొంత ఎక్కువ ఖర్చైనను తాడ్వాయి దాటువరకు అట్లే నడిపితిమి. పస్రాలో టీ త్రాగునపుడు మిత్రుడు దీపములు ఆర్పెను గాని ఇంజను ఆపలేదు. బ్యాటరీలో సెల్ఫు త్రిప్పునంత బలము మిగిలినదో లేదో అమ్మీటరు ముల్లు చెప్పుట లేదు.